చిగుళ్ల జబ్బు వైద్యంపై పరిశోధనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పళ్ల కాలేజీలో చిగుళ్ల విభాగానికి వచ్చి స్టడీలకు పేరు ఇచ్చేవాళ్లతో కూర్చుని, సమ్మతి పత్రం చదివి వినిపించడం నా పని. ఎదురుగా కూర్చునే మనిషి మారతారు గానీ అడిగేవి మాత్రం అవే. ఫోన్‌లో అవే, వాట్సాప్‌లో అవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంటుంది, మీకు అవసరమైన దగ్గర మొదలుపెట్టండి. మీ నోరు చూసి చెప్పాల్సింది మాత్రం మీ డాక్టరే.

## జబ్బు గురించి

బ్రష్ చేస్తే రక్తం వస్తోంది. చిగుళ్ల జబ్బు వచ్చేసినట్టేనా?

రక్తం వస్తోందంటే చిగురు వాచిందని అర్థం. వాపు ఒక్కటే అయితే పూర్తిగా తగ్గిపోతుంది. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లో అనే పరిశోధకుడు చిగుళ్లు బాగున్న 12 మంది చేత పళ్లు తోముకోవడం మాన్పించారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక సుమారు వారంలో మామూలయ్యాయి. పాచికీ చిగుళ్ల వాపుకీ ఉన్న లంకెను సూటిగా చూపించిన ప్రయోగం అది.

వాపు లోపలికి దిగి, పంటిని పట్టుకుని ఉన్న ఎముక కరగడం మొదలైతే దాన్ని పెరియోడాంటైటిస్ అంటారు. అది తోముకున్నంత మాత్రాన తగ్గదు. మీది ఏ దశో తెలియాలంటే చిగురు లోతు కొలవాలి, ఎక్స్‌రే తీయాలి. రక్తం వస్తోందని ఆ చోట బ్రష్ పెట్టడం మానేసేవాళ్లు చాలామంది. దయచేసి ఆ పని చేయకండి. శుభ్రం కావాల్సింది సరిగ్గా అక్కడే.

గార తీయిస్తే సరిపోతుంది కదా. మరి ఇన్ని పరిశోధనలు దేనికి?

చాలామందికి చాలావరకు సరిపోతుంది. స్కేలింగ్, దాంతోపాటు చిగురు కింద వేరును శుభ్రం చేసే రూట్ ప్లానింగ్ మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, 4 నుంచి 6 మిల్లీమీటర్ల లోతున్న పాకెట్లు (పంటికీ చిగురుకీ మధ్య లోతైన సందులు) సగటున 1.3 మి.మీ. తగ్గాయి. 7 మి.మీ., ఆపైన ఉన్నవి సగటున 2.2 మి.మీ. తగ్గాయి. అంటే 5 ఉన్నది 4లోపుకి వస్తుంది, ఇంట్లో శుభ్రం చేసుకోగలరు. కానీ 8 ఉన్నది 6 దగ్గర ఆగిపోతుంది. అంత లోతుకి బ్రష్ వెళ్లదు, ఒక్కోసారి మా పరికరమూ సరిగా వెళ్లదు, ముఖ్యంగా దవడ పళ్ల వేర్లు చీలే చోట. ఆ మిగిలిపోయిన లోతు కోసమే మందులు, జెల్‌లు, ఆపరేషన్లు, వాటి మీద పరిశోధనలు.

ఇంకో కారణం సంఖ్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం తీవ్రమైన చిగుళ్ల జబ్బు పెద్దవాళ్లలో దాదాపు 19 శాతం మందికి ఉంది. అంటే 100 కోట్ల మందికి పైగా.

మా నాన్నకి యాభై దాటకముందే పళ్లన్నీ ఊడిపోయాయి. నాకూ అంతేనా?

తప్పదని ఏమీ లేదు. వంశపారంపర్యం కొంత ఉంటుంది, అంతవరకే. శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది మగ కూలీలను 1970 నుంచి 15 ఏళ్లపాటు గమనించారు. వాళ్లకి బ్రష్ అలవాటు లేదు, పంటి డాక్టరు అందుబాటులో లేడు. అందరి నోట్లోనూ గార, పాచి, వాపు ఉన్నాయి. అయినా 11 శాతం మందికి జబ్బు వాపు దగ్గరే ఆగిపోయింది. 81 శాతం మందికి నెమ్మదిగా ముదిరింది. 8 శాతం మందికి మాత్రం వేగంగా ముదిరి, 45 ఏళ్లు వచ్చేసరికి పళ్లన్నీ పోయాయి.

ఒకే తోట, ఒకే తిండి, ఒకేలాంటి నోరు. ఫలితం మాత్రం ముగ్గురికి మూడు రకాలు. మీ నాన్నగారు ఆ 8 శాతంలోని వారు కావచ్చు. మీరు ఎందులో ఉన్నారో ఊహించుకుని టెన్షన్ పడేకంటే ముప్పై ఏళ్లలోపే ఒకసారి పాకెట్లు కొలిపించుకోండి.

పాత చీటీలో 'క్రానిక్ పెరియోడాంటైటిస్' అని ఉంది. ఇప్పుడు 'స్టేజ్ 3, గ్రేడ్ బి' అంటున్నారు. జబ్బు మారిందా?

జబ్బు అదే, పేరు మారింది. 2017లో ప్రపంచ నిపుణుల సమావేశం జరిగి 2018లో కొత్త వర్గీకరణ వచ్చింది. క్రానిక్, అగ్రెసివ్ అనే రెండు పేర్లూ తీసేశారు. ఎంత నష్టం జరిగిందో స్టేజ్ చెప్తుంది, 1 నుంచి 4 వరకు. ఎంత వేగంగా ముదురుతోందో గ్రేడ్ చెప్తుంది, ఎ నుంచి సి వరకు. స్టేజ్ అనే మాట వినగానే క్యాన్సర్ అనుకుని ఏడ్చినవాళ్లని చూశాను. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

## చేరాలా, వద్దా

స్టడీలో చేరతారా అని అడిగారు. నా మీద ప్రయోగాలు చేస్తారా?

ఈ భయానికి మన దగ్గర కారణం ఉంది. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేస్తూ ఒక అధ్యయనం నడిపారు. హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. కాబట్టి మీరు అనుమానంగా అడిగితే నేను నొచ్చుకోను. అడగాలి.

ఇక చిగుళ్ల స్టడీల సంగతి. మన పళ్ల కాలేజీల్లో జరిగేవాటిలో ఎక్కువ భాగం ఎండీఎస్, అంటే పళ్ల వైద్యంలో పీజీ చేసే విద్యార్థుల థీసిస్ పని. ఎప్పుడూ చేసే క్లీనింగ్ అందరికీ చేస్తారు. కొందరికి అదనంగా ఒక జెల్లో, లేజరో, మాత్రో ఇచ్చి తేడా ఉందా అని చూస్తారు. అసలు వైద్యం ఆపేసి ఎవరినీ ఊరికే గమనించరు. చేరకపోతే మీకు మామూలు వైద్యం ఇవ్వం అని ఎవరైనా అంటే అది తప్పు, ఎథిక్స్ కమిటీకి (స్టడీలో చేరినవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే సంఘం) ఫిర్యాదు చేయొచ్చు.

ఈ స్టడీ సక్రమమైనదేనని నేను ఎలా చూసుకోవాలి?

మూడు అడగండి. ఒకటి, ఎథిక్స్ కమిటీ ఆమోదం. రెండు, సీటీఆర్‌ఐ నంబర్. అది మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, 2007 జులైలో మొదలైంది. అందులో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. స్టడీ ఏంటి, ఎంతమందిని తీసుకుంటారు, ఏం కొలుస్తారు, అన్నీ కనిపిస్తాయి. 2018 ఏప్రిల్ నుంచి మొదటి మనిషిని చేర్చుకోకముందే నమోదు కావాలి. పేజీలో రిజిస్ట్రేషన్ తేదీ, మొదటి పేషెంటు చేరిన తేదీ రెండూ ఉంటాయి. పోల్చి చూసుకోండి. మూడు, సమ్మతి పత్రం మీ భాషలో ఉందా, ఒక కాపీ మీ చేతికి ఇచ్చారా. ఇంటికి తీసుకెళ్లి చదివి రేపు చెప్తానంటే ఒప్పుకోవాలి. ఇప్పుడే పెట్టాలని తొందరపెడితే లేచి వచ్చేయండి.

మా అమ్మకి చదవడం రాదు. ఆమెను చేర్చుకోవచ్చా?

చేర్చుకోవచ్చు. పత్రం మొత్తం ఆమెకు అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించాలి. స్టడీతో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటి నుంచి చివరి దాకా అక్కడే కూర్చోవాలి. తర్వాత ఆమె వేలిముద్ర, సాక్షి సంతకం.

ఒక పెద్దావిడ బొటనవేలికి సిరా అంటించుకున్నాక చెయ్యి కాగితం మీద పెట్టకుండా అలాగే గాల్లో పట్టుకుని, "ఇది వేస్తే మా పొలం ఎవరికైనా పోతుందా బాబూ" అని అడిగారు. అరగంట చదివి వినిపించాను, ఆవిడ తలూపుతూనే ఉన్నారు, కానీ అసలు భయం ఇది. ఆ రోజు వేలిముద్ర తీసుకోలేదు. కొడుకుతో వచ్చారు రెండు రోజుల తర్వాత, అప్పుడు మళ్లీ మొదటి నుంచి చదివాం. అప్పటి నుంచి ఎవరినైనా సరే, చదవడం అయ్యాక "ఇప్పుడు మీకు ఏం అర్థమైందో మీరు నాకు చెప్పండి" అని అడుగుతాను. మీ అమ్మగారిని అలా అడగకపోతే మీరే అడగండి.

షుగర్ ఉందని, సిగరెట్ తాగుతానని నన్ను తీసుకోలేదు. జబ్బు ఎక్కువ ఉన్నది మాకే కదా?

మీరన్నది నిజం. షుగర్ అదుపులో లేనివాళ్లకీ, పొగాకు వాడేవాళ్లకీ చిగుళ్లు సరిగా మానవు. అలాంటివాళ్లని కలిపితే మందు పనిచేసిందో లేదో తేల్చడం కష్టమని చాలా స్టడీలు పక్కన పెడతాయి. శాస్త్రం పరంగా అందులో అర్థముంది. నష్టం కూడా ఉంది. ఖైనీ, గుట్కా, బీడీ, ఉత్తర కోస్తా పల్లెల్లో నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డ చుట్ట, ఇవన్నీ ఉన్న మనుషులే మా ఓపీకి వస్తారు. ఆరోగ్యంగా ఉన్న, పొగ తాగని నలభై మంది మీద వచ్చిన ఫలితం వాళ్లకి సరిపోతుందని చెప్పలేం. షుగర్ ఉన్నవాళ్లకోసం, పొగ తాగేవాళ్లకోసం విడిగా స్టడీలు ఉంటాయి. అడగండి.

సంతకం పెట్టాక మధ్యలో మానేయొచ్చా? గొడవ అవుతుందా?

ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. మీ వైద్యం ఆగదు. చెప్పకుండా మాయమవడం కంటే ఒక ఫోన్ చేసి చెప్తే మేలు. ఎంతమంది, ఎందుకు ఆగిపోయారన్నది కూడా ఫలితంలో భాగమే.

డబ్బులిస్తారా? ఏమైనా అయితే ఖర్చు ఎవరిది?

బస్సు ఛార్జీలు, పోయిన కూలి ఇవ్వొచ్చు. ఎంతన్నది ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. డబ్బు ఆశ చూపి చేర్చుకోవడం కుదరదు. స్టడీ కోసం చేసే పరీక్షలకు, స్టడీ మందుకు మీ దగ్గర తీసుకోకూడదు. కొత్త మందుల ట్రయల్ అయితే 2019 నిబంధనల ప్రకారం మీకు హాని జరిగినప్పుడు ఉచిత వైద్యం అందించాలి, అది ట్రయల్ వల్లే అని తేలితే పరిహారం కూడా ఇవ్వాలి. ఈ రెండు మాటలూ సమ్మతి పత్రంలో రాసి ఉన్నాయో లేదో వెతికి చూడండి.

## చేరాక

నాకు ఉత్తుత్తి మందు వస్తే మోసపోయినట్టే కదా?

ఎవరికి ఏది రావాలన్నది లాటరీలా కంప్యూటర్ తీస్తుంది. డాక్టరు ఎంచుకోరు. చాలాసార్లు మీకు ఏది వచ్చిందో కొలిచే డాక్టరుకి కూడా తెలియనివ్వరు. తెలిస్తే మంచి మందు వేసిన చోట చెయ్యి తెలియకుండానే తేలికపడుతుంది, లోతు తక్కువగా కనిపిస్తుంది.

చిగుళ్ల విషయంలో ఒక ఊరట ఉంది. ప్లాసిబో, అంటే ఉత్తుత్తి మందు, వచ్చినవాళ్లకీ క్లీనింగ్ పూర్తిగా జరుగుతుంది, బ్రషింగ్ నేర్పిస్తారు, నెలనెలా చూస్తారు. స్టడీలో ఉన్నామన్న శ్రద్ధతో ఇంట్లో కూడా బాగా తోముకుంటారు. అందుకే ప్లాసిబో వైపు కూడా చిగుళ్లు చక్కగా బాగుపడతాయి. జెల్ వేశాక నా చిగుళ్లు గట్టిపడ్డాయి అని ఒక్కరు చెప్పే మాటను రుజువుగా తీసుకోలేకపోవడానికి కారణమూ అదే.

నోట్లో కుడివైపు ఒక మందు, ఎడమవైపు ఇంకోటి పెట్టారు. ఎందుకలా?

మనిషికీ మనిషికీ మధ్య తేడాలు ఎక్కువ: వయసు, షుగర్, తోముకునే తీరు. ఒకే నోట్లో రెండు వైపులా పోల్చితే ఆ తేడాలు పోతాయి, తక్కువమందితో పని అవుతుంది. చిక్కు ఏంటంటే లాలాజలం గోడ కట్టి ఆగదు. కుడివైపు పెట్టిన మందు కొంత ఎడమవైపుకీ చేరుతుంది. అందుకే మింగే మాత్రలకు ఈ పద్ధతి పనికిరాదు, చిగురులోపల పెట్టి మూసే వాటికే సరిపోతుంది.

ప్రతిసారీ సన్నని పుల్లలాంటిదాంతో గుచ్చి అంకెలు చదువుతారు. ఏంటవి?

అది ప్రోబ్. మిల్లీమీటర్ల గీతలున్న పరికరం, మొన మొద్దుగా ఉంటుంది. పంటికీ చిగురుకీ మధ్య సందులోకి సుమారు 25 గ్రాముల బరువంత ఒత్తిడితో దింపుతారు. ఒక్కో పంటికి ఆరు చోట్ల, బయటివైపు మూడు, లోపలివైపు మూడు. డాక్టరు "మూడు, రెండు, మూడు" అని చదువుతుంటే పక్కన ఇంకొకరు రాసుకుంటారు. మధ్యలో "ఆరు, రక్తం" అని వినపడగానే కుర్చీలో మనిషి చేతులు బిగుసుకోవడం నేను రోజూ చూస్తాను. 3 వరకు మామూలు. 4, ఆపైన అయితే పాకెట్. పుల్ల బయటికి తీశాక ఆ చోట ఎర్రని చుక్క పైకొస్తే వాపు ఇంకా ఉన్నట్టు.

ఇంకో కొలత ఉంది, అసలైనది అదే. పంటి మీద ఎనామిల్ ఆగిపోయే గీత నుంచి పాకెట్ అడుగు దాకా ఎంతో చూస్తారు. చిగురు పైకి వాచినా కిందికి జారినా ఈ కొలత మోసపోదు, పంటికి పట్టు ఎంత పోయిందో చెప్తుంది. చేత్తో కొలిచేటప్పుడు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అవడం మామూలే. అందుకే స్టడీ మొదట్లో డాక్టరు కొందరిని రెండుసార్లు కొలిచి, రెండు అంకెలూ కలుస్తున్నాయో లేదో సరిచూసుకుంటారు. మిమ్మల్ని మళ్లీ కొలుస్తామంటే విసుక్కోకండి.

క్లీనింగ్ అయ్యాక పళ్ల మధ్య సందులొచ్చాయి, చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది. పాడు చేశారా?

లేదు. ఇన్నాళ్లూ ఆ సందుల్ని నింపింది గార, వాచిన చిగురు. గార పోయింది, వాపు దిగింది, ఎముక ఎప్పుడో తగ్గిపోయిన చోటు ఇప్పుడు బయటపడింది. వేరు బయటికి తేలినందువల్ల జివ్వుమంటుంది, చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఈ మాట క్లీనింగ్‌కి ముందే చెప్పాలి. చెప్పనందువల్లే "గార తీయిస్తే పళ్లు వదులవుతాయి" అన్న నమ్మకం ఊళ్లలో ఇంకా బతికే ఉంది.

మధ్యలో జ్వరానికి వేరే డాక్టరు యాంటీబయాటిక్ ఇచ్చారు. చెప్పాలా?

తప్పకుండా చెప్పండి. ఆ మందు చిగుళ్ల మీద కూడా పనిచేస్తుంది, మీ అంకెలు మారిపోతాయి. మిమ్మల్ని ఎవరూ తిట్టరు.

## ఏ వైద్యం మీద ఏం తేలింది

యాంటీబయాటిక్ కోర్సు వాడితే క్లీనింగ్ తప్పుతుందా?

తప్పదు. పాచి జిగురు పొరలా అతుక్కుని ఉంటుంది. దాన్ని చేత్తో చెదరగొట్టకపోతే మందు లోపలికి దిగదు. క్లీనింగ్‌తో పాటు ఇస్తే ఎంత లాభమో జర్మనీలో పెద్ద ట్రయల్ చేశారు, 2015లో ఫలితాలొచ్చాయి. 400 మందికి పైగా, రెండేళ్లకు పైగా. ఒక గుంపుకి వారం రోజులు అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్, రెండో గుంపుకి ప్లాసిబో. ఆ తర్వాత జబ్బు ఇంకా ముదిరిన చోట్లు ప్లాసిబో వైపు 7.8 శాతం, మందు వైపు 5.3 శాతం. తేడా ఉంది, కానీ చిన్నది. దానికోసం ప్రతి ఒక్కరికీ యాంటీబయాటిక్ ఇస్తే బాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుంది. 2020లో వచ్చిన యూరోపియన్ మార్గదర్శకాలు అందరికీ ఇవ్వొద్దనే చెప్పాయి. చిన్న వయసులో వేగంగా ముదిరే జబ్బులాంటి కొన్ని సందర్భాలకే వదిలిపెట్టాయి. మెడికల్ షాపులో అడిగి నాలుగు మాత్రలు కొని వేసుకోవడం మాత్రం ఏ లెక్కన చూసినా నష్టమే.

పాకెట్‌లో పెట్టే చిప్, జెల్ సంగతేంటి?

క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే మందున్న చిప్ గోరు ముక్కంత ఉంటుంది. అందులో 2.5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది, వారం పది రోజుల్లో లోపలే కరుగుతుంది. 1998లో అమెరికాలో 447 మంది మీద వచ్చిన ఫలితం చూడండి. తొమ్మిది నెలలకు పాకెట్ లోతు క్లీనింగ్ ఒక్కటే అయితే 0.65 మి.మీ., చిప్ కూడా పెడితే 0.95 మి.మీ. తగ్గింది. మందు కలిపింది 0.3 మిల్లీమీటరు. క్లీనింగ్ తర్వాత మొండిగా మిగిలిన ఒకటి రెండు పాకెట్లకు పెట్టడంలో అర్థముంది. నోరంతా పెట్టి బిల్లు వేయడంలో నాకైతే అర్థం కనపడదు.

కొలెస్ట్రాల్ మందుతో చేసిన జెల్ ఎముకను పెంచుతుందని విన్నాను. నిజమా?

ఆ కొలెస్ట్రాల్ మందుల పేరు స్టాటిన్లు. స్టాటిన్ జెల్‌ల మీద ఎక్కువ పని జరిగింది మన దేశంలోనే. వచ్చిన అంకెలు చాలా బాగున్నాయి. అయినా యూరోపియన్ మార్గదర్శకాలు వాడొద్దని చెప్పాయి, ఎందుకంటే దాదాపు ఆ స్టడీలన్నీ ఒకే బృందం నుంచి వచ్చాయి. వేరే ఊళ్లో, వేరే చేతుల్లో, వేరే పేషెంట్ల మీద అదే ఫలితం మళ్లీ రావాలి. వచ్చేదాకా ఆగడమే న్యాయం. షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌తో చేసిన జెల్‌దీ అదే పరిస్థితి.

లేజర్ అయితే నొప్పి లేకుండా పూర్తిగా నయమవుతుందంటున్నారు?

నమ్మి డబ్బు పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: క్లీనింగ్‌కి అదనంగా ఎన్ని మిల్లీమీటర్లు? ఇప్పటిదాకా ఉన్న రుజువులు చూసి, క్లీనింగ్‌కి తోడుగా లేజర్ వాడమని యూరోపియన్ మార్గదర్శకాలు సూచించలేదు. రంగు మందు వేసి కాంతి పెట్టే ఫోటోడైనమిక్ పద్ధతినీ సూచించలేదు.

పోయిన ఎముక మళ్లీ వస్తుందా?

కొన్ని చోట్ల, కొంత. ఎముక అన్ని వైపులా సమంగా తగ్గిపోతే రాదు. బావిలా ఒకవైపు లోతుగా గుంట పడి, చుట్టూ గోడలు మిగిలి ఉంటే వచ్చే అవకాశం ఉంది. 1982లో స్వీడన్‌లో స్టూరే నీమన్ బృందం ఒక మనిషి కింది ముందు పంటి దగ్గర చిగురుకీ వేరుకీ మధ్య ఒక ఫిల్టర్ తెరను అడ్డం పెట్టింది. చర్మం త్వరగా పెరిగి గుంటను ఆక్రమించకుండా ఆపితే, నెమ్మదిగా పెరిగే కణాలు వేరు మీద కొత్త పట్టును అల్లాయి. ఇప్పుడు ఇలా తెర అడ్డం పెట్టి చేసే ఆపరేషన్లకు ఆ ఒక్క పన్ను మూలం. తర్వాత ఎనామిల్ ప్రోటీన్ జెల్ వచ్చింది. 2005లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక గ్రోత్ ఫ్యాక్టర్ (కణాలు పెరిగేలా ప్రేరేపించే) మందును, 2016లో జపాన్ ఇంకొకదాన్ని అనుమతించాయి. మన కాలేజీల్లో ఎక్కువగా చేసేది పీఆర్‌ఎఫ్: మీ రక్తమే కొంచెం తీసి, గిర్రున తిప్పి, గడ్డకట్టిన పొరను గుంటలో పెడతారు.

ఒక మాట. ఎనామిల్ ప్రోటీన్ జెల్ పంది పళ్ల మొగ్గల నుంచి తీస్తారు. కొలాజెన్ తెరలు కొన్ని ఆవు నుంచి, కొన్ని పంది నుంచి వస్తాయి. మతం వల్లో ఆహార నియమం వల్లో మీకు అభ్యంతరం ఉండొచ్చు. దేంతో చేశారని ముందే అడగడం మీ హక్కు, చెప్పడం మా బాధ్యత.

చిగుళ్లకు వైద్యం చేయిస్తే షుగర్ తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది. ఇక్కడికి రావడానికి చాలా కాలం పట్టింది. 2013లో అమెరికాలో 514 మంది మీద చేసిన ట్రయల్‌లో మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఆరు నెలలకు ఏమీ తగ్గలేదు. మధ్యలోనే ఆపేశారు. అందరూ నిరాశపడ్డారు. కానీ వివరాలు చూసినవాళ్లు ఒక సంగతి పట్టుకున్నారు: వైద్యం చేశాక కూడా ఆ పేషెంట్ల నోళ్లలో పాచి, రక్తం చాలానే మిగిలాయి. చిగుళ్లు బాగుపడకపోతే షుగర్ తగ్గుతుందా లేదా అని ఎలా తేలుస్తారు? 2018లో లండన్‌లో 264 మందిని తీసుకుని, వాళ్లలో ఒక గుంపుకి, అవసరమైతే ఆపరేషన్ కూడా చేసి, గట్టిగా వైద్యం చేశారు. ఏడాదికి రెండు గుంపుల మధ్య 0.6 శాతం తేడా వచ్చింది. 2022లో కోక్రేన్ సమీక్ష 35 స్టడీలను కలిపి చూస్తే మూడు నాలుగు నెలలకు 0.43, ఆరు నెలలకు 0.30 శాతం తగ్గినట్టు తేలింది. అదనంగా ఒక షుగర్ మాత్ర వేసుకుంటే వచ్చే లాభానికి దగ్గరదగ్గరగా ఉంటుంది. మీ షుగర్ మాత్రలు మాత్రం మానకండి.

గుండెపోటు, మతిమరుపు, నెలలు నిండని కాన్పు, అన్నిటికీ చిగుళ్లే కారణమా?

సంబంధం కనపడటం వేరు, కారణమని తేలడం వేరు. 2007లో 120 మంది మీద చేసిన ట్రయల్‌లో గట్టి వైద్యం తర్వాత మొదటి రోజు రక్తంలో వాపు సూచనలు పెరిగాయి, ఆరు నెలలకు రక్తనాళాల పనితీరు మెరుగైంది. గుండెపోటు తగ్గుతుందని తేల్చిన ట్రయల్ మాత్రం లేదు. గర్భిణుల విషయంలో 2006లో 823 మంది మీద చేశారు. నెలలు నిండని కాన్పులు తగ్గలేదు, కానీ గర్భంతో ఉండగా చిగుళ్ల వైద్యం క్షేమమేనని తేలింది. అదీ మంచి కబురే, కాన్పయ్యాక చూద్దామని వాయిదా వేయక్కర్లేదు. మతిమరుపుకి, చిగుళ్ల బాక్టీరియాను అడ్డుకునే అటుజాగిన్‌స్టాట్ అనే మందును 600 మందికి పైగా పాల్గొన్న ట్రయల్‌లో పరీక్షించారు. 2021లో అది అనుకున్న ఫలితం చూపించలేకపోయింది.

వేప పుల్ల, పసుపు, నువ్వుల నూనె పుక్కిలించడం?

వీటి మీద మన దగ్గర చిన్న స్టడీలు చాలా వచ్చాయి. చాలావాటిలో పాచి, పైపై వాపు కొంత తగ్గినట్టు చూపించారు. కొన్ని వారాల స్టడీలు, కొద్దిమంది మనుషులు. 6 మి.మీ. పాకెట్‌లోకి పుక్కిలించిన ఏ ద్రవమూ దిగదు, అది నూనె అయినా ఖరీదైన మౌత్‌వాష్ అయినా. వేప పుల్ల మెత్తగా నమిలి కుంచెలా చేసుకుంటే పర్వాలేదు. బొగ్గు, ఇటుక పొడి మాత్రం వద్దు, పన్ను అరిగిపోతుంది.

## స్టడీ అయిపోయాక

నా ఫలితం నాకు చెప్తారా?

చెప్పాలి. మొదటి రోజు అంకెలు, చివరి రోజు అంకెలు రెండూ అడిగి తీసుకోండి. మా దగ్గరే ఒకప్పుడు, థీసిస్ సమర్పించగానే ఫైళ్లు అలమరాలోకి వెళ్లిపోయేవి. ఆరు నెలలు బస్సుల్లో తిరిగిన మనుషులకి ఏం తేలిందో ఒక్క ముక్క చెప్పలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఇప్పుడు ఒక పేజీ తెలుగులో రాసి పంపుతున్నాం, మందు పనిచేయలేదని తేలినా సరే.

'చిగుళ్ల జబ్బుకి కొత్త మందు' అని పేపర్లో చదివాను. నమ్మొచ్చా?

వార్తలో నాలుగు వెతకండి. మనుషుల మీదా, ఎలుకల మీదా? దేంతో పోల్చారు, క్లీనింగ్‌తోనా లేక ఏమీ చేయకపోవడంతోనా? ఎన్ని మిల్లీమీటర్లు? ఎన్ని నెలలు? ఈ జబ్బు ఏళ్ల తరబడి నడుస్తుంది. మూడు నెలల ఫలితం చూసి పన్ను నిలుస్తుందో ఊడుతుందో చెప్పలేం.

ఇక నేను ఎన్నాళ్లకోసారి రావాలి?

పెరియోడాంటైటిస్ ఉన్నవాళ్లు సాధారణంగా మూడు నెలలకోసారి మొదలుపెడతారు, స్థిరపడితే ఎడం పెంచుతారు. స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్‌లో పెర్ ఆక్సెల్సన్, యాన్ లిండే 1970ల మొదట్లో మామూలు జనాన్ని తీసుకుని, మొదటి రెండేళ్లు రెండు నెలలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి, ఆ పైన ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లని పిలిచి శుభ్రం చేస్తూ, తోముకోవడం నేర్పుతూ పోయారు. 30 ఏళ్ల తర్వాత లెక్క చూస్తే ఒక్కొక్కరు సగటున కోల్పోయిన పళ్లు, వయసును బట్టి, 0.4 నుంచి 1.8. ఊడినవాటిలో ఎక్కువ పళ్లు వేరు విరిగి పోయినవే. అందులో జెల్ లేదు, లేజర్ లేదు.

వచ్చేటప్పుడు మీరు వాడుతున్న బ్రష్, సందుల్లో తిప్పే చిన్న బ్రష్ కూడా తెచ్చుకోండి. మా సింక్ దగ్గర అద్దంలో చూస్తూ ఒకసారి తోమి చూపిస్తే ఎక్కడ తప్పిపోతోందో అప్పుడే చెప్పేస్తాం. సాధారణంగా కింది దవడ పళ్ల లోపలివైపు, నాలుక ఆనే చోటే అది.